గడబిడకూ ఓ లెక్కుంది

కేయాస్, హ్యావక్, మేహెమ్, బెడ్లమ్... దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ నోట్సులో అన్నిటికీ ఒకటే అర్థం. హయత్‌నగర్ రోడ్డు మీద మాత్రం ఏ రెండు గొడవలూ ఒకటి కావు.

సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందు, పొద్దుగూకే వేళ హయత్‌నగర్‌లో బస్సు కోసం నిలబడితే చాలు, గందరగోళానికి మనకెన్ని మాటలున్నాయో చెవులారా వినొచ్చు. ఎల్బీనగర్ చౌరస్తాలో మొదలైన కార్ల వరస వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట దాటి పంతంగి టోల్‌గేటు దాకా పాకుతుంటుంది. గోనెసంచి చంకన పెట్టుకుని బస్సు వెంట పరుగెత్తే పెద్దమ్మతో కండక్టరు అంటాడు: "ఆగమాగం గాకమ్మా, గిది సూర్యాపేట దాకనే పోతది, కోదాడ పోదు." ఆటోవాలాకు అదంతా పరేషాన్. నీళ్ల సీసాలమ్మే పిల్లాడికి లొల్లి. బ్యాగుల మీద ఎక్కి దుంకే పిల్లలకు తల్లి హెచ్చరిక, గడబిడ చేయొద్దని. ట్రాఫిక్ కానిస్టేబులు ఫోన్లో పైవాళ్లకు చెప్పేది "ఫుల్ జామ్ సార్" అని. మైకు పట్టుకున్న టీవీ అబ్బాయికి మాత్రం రోడ్డు మీద ఏం జరిగినా హైటెన్షనే. తెల్లారి ఇంగ్లిష్ పేపరు తీస్తే వీటన్నిటినీ ఊడ్చి ఒకే మాటలో కుప్పపోసి ఉంటుంది: కేయాస్.

ఈ రోడ్డుకు రద్దీ కొత్త కాదు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు ఇది. ఆమె పేరున్న మసీదు ప్రాంగణంలో బాటసారులు దిగడానికి గదులు కట్టించారంటేనే, మచిలీపట్నం దారిలో ఎంత జనం నడిచేవారో అర్థమవుతుంది. ఇప్పుడు అదే దారిలో పొద్దున్నే వేలమంది కుర్రాళ్లు దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు వెళ్తారు. వాళ్లలో ఒకడి నోట్సు మొన్న నా చేతికొచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల సీజీఎల్ పరీక్షకు చదువుతున్నాడు. పేజీకి ఎడమ పక్క గందరగోళం అని రాసి, కుడి పక్క ఎనిమిది ఇంగ్లిష్ మాటలు వరసగా పేర్చుకున్నాడు. మధ్యలో ఒకటే ఈక్వల్ టు గుర్తు.

"అన్నీ ఒకటేనా?" అన్నాను.

"ఒకటే సార్. ఆప్షన్లల్ల ఏదొస్తే అది పెట్టుడే."

పరీక్ష వరకు ఆ అబ్బాయి మాట కరెక్టే. పరీక్ష దాటి నాలుగు వాక్యాలు రాయాల్సి వస్తేనే చిక్కు. పర్యాయపదం అనేది కోచింగ్ సెంటరు సౌలభ్యం తప్ప భాషలో ఉన్న సంగతి కాదు. ఆ ఎనిమిదింటిలో ప్రతిదానికీ ఒక సొంతూరు ఉంది. ఒకటి ఆసుపత్రిలో పుట్టింది, ఒకటి కోర్టులో, ఒకటి నరకంలో.

ఎర్రగడ్డకూ లండన్‌కూ చుట్టరికం

బెడ్లమ్‌ది లండన్. 1247లో అక్కడ బెత్లహేమ్ మేరీమాత పేరుతో ఒక మఠం కట్టారు. పోనుపోను అది మతి చలించినవాళ్లను ఉంచే ఆసుపత్రి అయింది. బెత్లహేమ్ జనం నోట్లో నలిగి బెడ్లమ్ అయింది. లోపలివాళ్ల అరుపులు, గొలుసుల చప్పుడు విని రావడానికి బయటివాళ్లు వేడుకగా వెళ్లిన రోజులున్నాయి. క్రమంగా ఎవరి మాట ఎవరికీ వినపడని గోలకంతటికీ అదే పేరైంది. ఇందులో మనం ముక్కున వేలేసుకోవాల్సిందేమీ లేదు. హైదరాబాద్‌లో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ని ఎర్రగడ్డకు తోలాలె" అనేస్తాం. అక్కడున్నది మానసిక చికిత్సాలయం, అందులో మనుషులు వైద్యం చేయించుకుంటున్నారు అన్న ధ్యాస ఆ క్షణాన ఎవరికీ ఉండదు. బెడ్లమ్ అన్న ఇంగ్లిష్ మాటలో ఆ నొప్పి అరిగిపోయి కనపడదు. ఎర్రగడ్డలో ఇంకా పచ్చిగానే ఉంది.

చోటు పేరు గోల పేరుగా మారడానికి అసలైన తెలుగు సాక్షి రచ్చ. ఊరి పెద్దలు కూర్చుని తగవులు తీర్చే చోటు అది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతలో ఉన్నది ఆ గౌరవనీయమైన రచ్చే. అలాంటి చోట నలుగురి నోళ్లలో పడడం పరువు తక్కువ కనుక రచ్చకెక్కడం నింద అయింది. అక్కడి నుంచి రచ్చ చేయడం, రచ్చ రచ్చ చేయడం. 2012లో రామ్‌చరణ్ సినిమాకు ఆ పేరు పెట్టేనాటికి రచ్చబండ మీది పెద్దమనుషులు ఎవరికీ గుర్తు లేరు.

షాంబిల్స్ కూడా చోటే. మాంసం అమ్మే బల్లలు, ఆ బల్లలున్న కసాయి వీధి. ఇంగ్లండ్‌లోని యార్క్ పట్టణంలో ఆ పేరుతో వీధి ఇప్పటికీ ఉంది. అందుకే షాంబిల్స్‌లో చప్పుడు ఉండనక్కర్లేదు, చిందరవందర ఉంటే చాలు. పెళ్లివారు వెళ్లిపోయాక ఫంక్షన్‌హాలు షాంబిల్స్. పెళ్లి జరుగుతున్నప్పుడు, బ్యాండు మేళం పక్కన, అదే హాలు బెడ్లమ్.

ఇక పాండెమోనియం. ఇది ఒక కవి సృష్టించిన మాట. 1667లో వెలువడిన ప్యారడైజ్ లాస్ట్ కావ్యంలో మిల్టన్ దయ్యాల రాజధానికి పెట్టిన పేరు. దయ్యాలన్నీ కొలువుదీరే సభ అక్కడే. అందుకేనేమో ఇంగ్లిష్ విలేఖరులకు చట్టసభల వార్త రాసేటప్పుడు ఈ మాట లేనిదే పూట గడవదు. నిజానికి మిల్టన్ దయ్యాలు చాలా క్రమశిక్షణగా, ఒకరి తర్వాత ఒకరు లేచి చర్చిస్తాయి. పోడియంలోకి దూకిన దాఖలా లేదు, కాగితాలు చింపి విసరలేదు. మన తెలుగు విలేఖరి ఇదే సందర్భానికి వాడే రసాభాస కూడా సాహిత్యం నుంచి జారిపడిందే. రసం ఉండకూడని చోట రసం చూపిస్తే అలంకారశాస్త్రం పెట్టిన పేరది. మండల సర్వసభ్య సమావేశాలు రసాభాసగా ముగిసే నేటి కాలంలో పాపం ఆలంకారికులకు ఆ మాట మీద హక్కు లేదు.

నలుగురైతే ఒకటి, ఐదుగురైతే మరొకటి

గొడవను తూకం వేసి కొలిచేది నిఘంటువు కాదు, చట్టం.

మేహెమ్ ఇప్పుడు వీడియో గేముల్లో వినపడుతోంది కానీ పుట్టింది ఇంగ్లండ్ న్యాయస్థానంలో. మనిషి పోరాడడానికి పనికొచ్చే అవయవాన్ని పోగొట్టడం ఆ నేరం. చెయ్యి నరికితే మేహెమ్. ముందుపన్ను రాలగొట్టినా మేహెమే, ఎందుకంటే కరవడానికి పనికొస్తుంది కదా. ముక్కో చెవో కోస్తే మాత్రం కాదు! ముఖం చెడుతుందే గానీ యుద్ధానికి అడ్డు రాదని వాళ్ల వాదన. అందుకే ఇప్పటికీ మేహెమ్ అన్నచోట దెబ్బల వాసన ఉండాలి. వాన పడి రోడ్డు జామైతే అది మేహెమ్ కాదు. ఆ జాములో ఇద్దరు బండ్లు దిగి ఒకరి కాలరు ఒకరు పట్టుకుని రక్తాలు కారేలా కొట్టుకుంటే, అప్పుడు ఆలోచించొచ్చు.

మన దగ్గర ఆ ఇద్దరి సంగతి చూసుకోవడానికి వేరే మాటుంది. ఇద్దరో ముగ్గురో బహిరంగ స్థలంలో కొట్టుకుని నలుగురి ప్రశాంతత చెడగొడితే అది అఫ్రే. ఐదుగురు లేదా అంతకు మించి ఒకే చెడ్డ ఉద్దేశంతో గుమిగూడితే చట్టవిరుద్ధ సమూహం. ఆ సమూహంలో ఎవరైనా బలప్రయోగానికి దిగితే రయటింగ్, అంటే మన దొమ్మీ. 1860 నాటి ఐపీసీలో ఉన్న ఈ లెక్కే 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. దొమ్మీకి రెండేళ్ల దాకా జైలు. అఫ్రేకు నెల. జరిమానా మాత్రం నూరు రూపాయల నుంచి వెయ్యికి పెరిగింది. పల్లెటూరి కక్షల్లో "దొమ్మీ కేసు పెట్టిన్రు" అన్నప్పుడు దానిలోని బరువు అదీ. ఐదో మనిషి పేరు ఫిర్యాదులో చేరిందా లేదా అన్నదాన్ని బట్టి కేసు స్వభావమే మారుతుంది. ఎస్సై పరీక్షకు చదివేవాళ్లకు ఇది కంఠతా వచ్చు. వొకాబులరీ క్లాసులోకి రాగానే ఆ లెక్క బయట చెప్పులతోపాటు వదిలేస్తారు.

హ్యావక్ వీటన్నిటికంటే వింతైనది, ఎందుకంటే అది ఒకప్పుడు సేనాని నోట వెలువడే ఆజ్ఞ. హ్యావక్ అని కేక వేశాడంటే సైనికులకు దోచుకోవడానికి అనుమతి దొరికినట్టు. వేళ కాని వేళ ఎవడో ఆ కేక పెడితే సైన్యం యుద్ధం మానేసి కొల్లగొట్టడంలో పడేది. దాంతో 1385లో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డు తన దండయాత్ర నిబంధనల్లో, హ్యావక్ అని అరిచినవాడి తల తీయిస్తానని రాయించాడు. ఆ మాటకు నష్టం ఎప్పుడూ తోడుండేది అందుకే. ఉత్త గోల హ్యావక్ కాదు, ఏదో ఒకటి కూలాలి, మునగాలి, పోవాలి.

మునిగిన రాత్రి

2020 అక్టోబరు 13 రాత్రి హయత్‌నగర్, సరూర్‌నగర్, ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. చెరువుల మీద, వాటి కింద, వాటి దారుల్లో కట్టుకున్న కాలనీల్లోకి నీళ్లు వాటి పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చాయి. ఇంగ్లిష్ పత్రికలు హ్యావక్ అన్నాయి, న్యాయంగానే అన్నాయి. తెలుగు పత్రికలు బీభత్సం, అల్లకల్లోలం, జలదిగ్బంధం అన్నాయి. కల్లోలమంటే సంస్కృతంలో పెద్ద అల. కాబట్టి ఆ మాట ఆ రాత్రి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే వెళ్లింది. ఇంతకు ముందు 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ఊడ్చేసినప్పుడు హైదరాబాదీలు దానికి తుగ్యానీ సితంబర్ అని పేరు పెట్టుకున్నారు. పొంగిన సెప్టెంబరు. నెలకే ముద్ర వేసేశారు.

కింది వాటాలో ఉండి, బియ్యం డబ్బా నుంచి పిల్లల సర్టిఫికెట్ల దాకా నానిపోయి, అక్కడి నుంచి ఇల్లు మారిన కుటుంబానికి ఏ మాట అతుకుతుంది? హ్యావక్ నీళ్లతో పాటే తగ్గిపోతుంది. కేయాస్ రెండో రోజుకు సర్దుకుంటుంది. ఇక్కడ కావలసింది అప్‌హీవల్. అడుగు నుంచి పైకి లేచి, మళ్లీ పాత చోట కూర్చోనిది. భూమి పొరలు పైకి తన్నుకురావడానికి కూడా భూగర్భ శాస్త్రవేత్తలు ఈ మాటే వాడతారు. కొండ లేచాక మళ్లీ మైదానం కాదు. టర్మాయిల్ అలా కాదు, అది ఉడుకుతూ ఉండే స్థితి. మనసులో, మార్కెట్లో, పార్టీలో నెలల తరబడి సాగుతుంది. బయటికి చప్పుడు రాకపోవచ్చు. తెలుగులో అలజడి దానికి దగ్గర. ఇక కమోషన్ మన గడబిడ. పాము కనపడినప్పుడు లేచి, పామును పట్టుకోగానే చల్లారేది.

అప్‌హీవల్‌కు తెలుగు అడిగితే నిఘంటువులు పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు చూపిస్తాయి. హయత్‌నగర్‌లో కూరగాయలమ్మే ఆమెను అడిగితే రెండక్షరాల్లో చెబుతుంది: ఆగం. "మా బతుకు ఆగమైంది." అంతే, ఇక వివరించనక్కర్లేదు. అదే మాటను రెండుసార్లు కలిపి పలికితే బరువు పెరగాలి కదా, తగ్గుతుంది. ఆగం అయితే బతుకు పోయినట్టు. ఆగమాగం అయితే ఉత్త తొందరపాటు, కండక్టరు ఒక్క మాటతో సర్దగలిగినంత. ఇలాంటి సూక్ష్మం ఆ ఎనిమిది ఇంగ్లిష్ మాటల్లో నాకు కనపడలేదు.

మనం చేజేతులా పాడుచేసుకున్న మాటలూ ఉన్నాయి. పక్షుల కూతలకు, పిల్లల కేరింతలకు తగినంత మెత్తనిది కలకలం. పత్రికలు దాన్ని పట్టుకుని చిరుత కలకలం, శవం కలకలం, నకిలీ నోట్ల కలకలం అని రోజూ చాకిరీ చేయిస్తున్నాయి. కల్తీ పాలు దొరికినా కలకలమే. ఈ నేరంలో నా వృత్తివాళ్లందరికీ వాటా ఉంది.

మైకులో వచ్చినవే మిగిలాయి

ఇంతకీ గొడవలకు సంబంధించి ఇంగ్లిష్ నుంచి వచ్చి, చదువుతో పని లేకుండా, ప్రతి ఇంట్లో కాపురం పెట్టిన మాటలేవి? కేయాస్ కాదు, బెడ్లమ్ కాదు. కర్ఫ్యూ, లాఠీఛార్జి, టియర్ గ్యాస్, ఎమర్జెన్సీ, లాక్‌డౌన్. వీటిని ఎవరూ నోట్సులో రాసుకోలేదు. పోలీసు జీపు మైకులో, రేడియోలో, టీవీలో ఆర్డరుగా వచ్చాయి. హ్యావక్ ఎలా ఆజ్ఞగా పుట్టిందో, మన దగ్గర స్థిరపడినవన్నీ అలా ఆజ్ఞలే.

కర్ఫ్యూ పాత ఫ్రెంచి మాట, నిప్పు కప్పెయ్యమని. రాత్రి గంట కొట్టగానే ఇళ్లలో పొయ్యి ఆర్పి పడుకోవాలి, ఊరు అంటుకోకుండా. పాతబస్తీలో కర్ఫ్యూ అంటే పాల పాకెట్టు కోసం సడలింపు సమయం దాకా ఎదురుచూడడం. టియర్ గ్యాస్‌లోని గ్యాస్ ఇంకా తమాషా అయినది. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గ్రీకుల కేయాస్‌ను కాస్త వంచి ఆ మాట తయారుచేశాడు. మన వంటింటి గ్యాస్ బండ నిండా ఉన్నది వ్యుత్పత్తి ప్రకారం గందరగోళమే. లాక్‌డౌన్ అమెరికా జైళ్ల మాట. 2020 మార్చి దాకా ఈ చుట్టుపక్కల దాన్ని ఎంతమంది విని ఉంటారు? ఏప్రిల్ నాటికి మూడేళ్ల పిల్లలు కూడా స్పష్టంగా పలికారు.

వీటన్నిటికీ తాత పోలీసు యాక్షన్. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి ప్రవేశించింది. తూర్పు నుంచి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలోని దళం విజయవాడ వైపు నుంచి సూర్యాపేట మీదుగా ఈ రోడ్డు పట్టుకునే వచ్చింది. ట్యాంకులు, విమానాలు దిగాయి. 17న నిజాం లొంగిపోయాడు. అంతటి సైనిక చర్యకు ఢిల్లీ ఎంచుకున్న పేరులో సైన్యం ఊసే లేదు, పోలీసులు వచ్చి గొడవ సర్దినట్టు ఉంటుంది. డెబ్బై అయిదేళ్లు దాటినా ఆ రోజుకు ఏం పేరు పెట్టాలో తేలలేదు. విమోచన అంటారు, విలీనం అంటారు, విద్రోహం అంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది, కేంద్రం విమోచన దినమే జరుపుతోంది. ఆ రోజులు చూసిన ముసలివాళ్లకు ఈ పేచీ పట్టదు. వాళ్లకు అది పోలీసు యాక్షనే. "మా పెద్దోడు పోలీసు యాక్షన్ల పుట్టిండు" అని వయసు లెక్క కూడా దానితోనే.

సర్కారు చేసేవి ఇంగ్లిష్‌లో ఉంటే, జనం చేసేవి ఎక్కువగా జనం భాషలోనే ఉండిపోయాయి. బంద్, ధర్నా, సమ్మె, రాస్తారోకో, వంటావార్పు. తెలంగాణ కోసం ప్రాణమిచ్చిన శ్రీకాంతాచారి విగ్రహం ఎల్బీనగర్‌లో ఉంది. ఆ రోజుల గురించి ఇక్కడెవరూ అజిటేషన్ అనరు, ఉద్యమం అంటారు. 2011 మార్చిలో మిలియన్ మార్చ్ ఒక్కటి ఇంగ్లిష్ పేరు పెట్టుకుంది. అదే ఏడాది సకల జనుల సమ్మెకు ఆ అవసరం పడలేదు.

మినహాయింపులు లేకపోలేదు. టెన్షన్, కన్ఫ్యూజన్ ఏ మైకూ లేకుండానే వచ్చేశాయి. పరేషాన్ ముందే ఉండగా కన్ఫ్యూజన్ ఎందుకు చొరబడిందో చెప్పడం కష్టం. ఫార్సీలో పరేషాన్ అంటే చెల్లాచెదురైనది, లాటిన్లో కన్ఫ్యూజన్ అంటే కలిపి పోసేసినది. మన బుర్రలు రెండు రకాలుగానూ చెడుతున్నాయి కాబోలు. టెన్షన్ అయితే గుండెల్లోనూ ఉంటుంది, తీగల్లోనూ ఉంటుంది. హయత్‌నగర్ దాటాక ప్లాటు కొనబోయేవాడి మొదటి ప్రశ్న, పైనుంచి హైటెన్షన్ లైను పోతుందా అని.

మనం తీసుకోవడమే కాదు, ఇచ్చింది కూడా ఉంది. హిందీ లూట్‌ను ఇంగ్లిష్‌వాళ్లు పద్దెనిమిదో శతాబ్దం నాటికే పట్టుకెళ్లారు, వస్తువులతో పాటు. 1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో లూట్, తమాషా, బందోబస్తు వరసగా కొలువుదీరి ఉంటాయి. తర్వాత హర్తాళ్, ఘెరావ్, బంద్ వెళ్లాయి. గోదావరి మన్యంలో తిరుగుబాట్లను మద్రాసు దొరలు తమ రికార్డుల్లో ఫితూరీలు అని రాసుకున్నారు. 1922లో అల్లూరి సీతారామరాజు మొదలుపెట్టింది వాళ్ల కాగితాల్లో ఫితూరీనే. వాళ్ల భాషలో రివోల్ట్, రెబెలియన్ లాంటివి బోలెడుండగా మన దగ్గర అరువు తెచ్చుకున్నారు. స్థానికమైన పేరు పెడితే గొడవ కాస్త చిన్నదిగా కనపడుతుందని నా అనుమానం.

ఇప్పుడు ఈ మాటలన్నీ మరో మలుపు తిరుగుతున్నాయి. బైకుల మీద కోచింగుకు వెళ్లే కుర్రాళ్ల నోట అరాచకం అంటే అద్భుతం. బీభత్సంగా ఉందంటే చాలా బాగుందని. ఇంగ్లిష్‌లో టెర్రర్‌కు చుట్టమైన టెర్రిఫిక్ ఇలాగే మెప్పుగా మారింది కాబట్టి వీళ్లను తప్పుపట్టలేం. అన్నిటికంటే దూరం ప్రయాణించింది గత్తర. తెలంగాణ పల్లెల్లో గత్తర అంటే కలరా. పాడెలు మోసేవాళ్లు కూడా మిగలకుండా వాడలు ఖాళీ చేసిన రోగం. అందుకే అది తిట్లలో ఉండేది, శాపాల్లో ఉండేది, శుభమా అని మాట్లాడుకునేటప్పుడు ఎవరూ పలికేవారు కాదు. ఇప్పుడు హిట్టయిన ప్రతి సినిమా గత్తర లేపుతుంది. హయత్‌నగర్‌లో ఒకే ఇంట్లో రెండు అర్థాలూ కలిసి ఉంటున్నాయి. మొన్నొక సాయంత్రం పక్కింటి పిల్లవాడు ఫోన్లో ట్రైలరు చూస్తూ "గత్తర లేపిండు" అని అరిచాడు. గడప దగ్గర కూర్చున్న ముసలమ్మ ఉలిక్కిపడింది.

"దీపాలు పెట్టేయాల గా మాటెందుకురా నీ నోట్ల?"

"మస్తున్నదని అంటున్న నానమ్మా!"